పైడి తీసిన చీటీ

ఒక బరువు మోస్తున్నాను. ఇన్నేళ్ళయింది కాబట్టి అలవాటైపోయి ఉంటుందని మీరనుకోవచ్చు. కాలేదు. పగలంతా పనిలో పడి మరిచిపోతాను. మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాను రెక్కలు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయాక ఇల్లంతా ఒక్కసారి సద్దుమణుగుతుంది చూడండి, అప్పుడొచ్చి గుండెల మీద కూర్చుంటుంది. అప్పుడే నాకు ఇంగ్లీషు మాటలు వినిపిస్తాయి. అన్నీ అయిదు అక్షరాలవే. అన్నిటికీ చివర వై. రెయినీ, విండీ, మిస్టీ, స్టోరీ... పక్క గదిలో ఎవరో పిల్లని నిద్రపుచ్చుతూ ఒక్కొక్కటే మెల్లగా చెబుతున్నట్టుంటుంది. ఆ గొంతు నా తోడికోడలిది. లేచి వెళ్ళి చూస్తే ఆమె అక్కడే ఉంటుంది, బట్టలు మడతపెడుతూనో, బియ్యం ఏరుతూనో. నోరు మూసుకునే ఉంటుంది. ఆ మాటలు పలకడం ఆమె మానేసి చాలా కాలమైంది. మానేసేలా చేసింది నేను.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. మీకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు కనక. పేరు అడగకండి. తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా ఇప్పుడే అడగకండి. దానికో కారణముంది. అది చెప్పాలంటే ఇంకాస్త సిగ్గు విడవాలి.

మాది రంగూన్. యాంగోన్ అనాలిట, మా నోటికి రంగూనే. పజున్‌డాంగ్ కాలవ దాటి ఇవతలికొస్తే తాకేటా, అక్కడ మా అత్తవారిల్లు. వాళ్ళు గంజాం వైపు నుంచి ఎప్పుడో తాతల కాలంలో ఓడెక్కి వచ్చినవాళ్ళు. మా మావగారు ఊళ్ళో చౌక్తడా అనే పేటలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేశారు. ఆయనకి ఇంగ్లీషంటే వల్లమాలిన ప్రేమట. నేను కాపురానికి వచ్చేనాటికి ఆయన లేరు. గోడ మీద పటం, ఒక అట్టలూడిన ఇంగ్లీషు నిఘంటువు, ఒక ఆట, ఈ మూడూ మిగిల్చి వెళ్ళారు.

ఆ ఆట ఏమిటంటే, చిన్న చిన్న చీటీల మీద ఒక అంకె, ఒక ఇంగ్లీషు అక్షరం రాసి స్టీలు గ్లాసులో వేస్తాం. ఒకటి తీస్తాం. నాలుగు, టి అని వచ్చిందనుకోండి, నాలుగక్షరాలుండి టితో ముగిసే మాటలు ఒకరి తర్వాత ఒకరం చెప్పుకుంటూ పోవాలి. చెప్పినది మళ్ళీ చెప్పకూడదు. ఎవరైనా తడుముకుంటే మా అత్త తమలపాకు తీసి సున్నం రాయడం మొదలుపెట్టేది. వక్క వేసి, మడత పెట్టి, బుగ్గన పెట్టుకునేలోపు మాట రాకపోతే ఓడినట్టే. అత్తకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆటకి ఆవిడే పెద్ద, ఆవిడ ఆకే గడియారం.

కాలక్షేపం అనుకునేరు. మా ఇంట్లో తగువులన్నీ దీంతోనే తీరేవి. ఎండలో బజారుకి ఎవరెళ్ళాలి, కరెంటొచ్చిన కాసేపట్లో మోటారు వేసి నీళ్ళెవరు పట్టాలి, కారం ఎవరు దంచాలి, అన్నిటికీ గ్లాసే. "తెలుగులో అరుసుకుంటే మనవాళ్ళకి వినబడతాది, బర్మాలో అరుసుకుంటే వీదికి వినబడతాది, ఇంగిలీసులో అరుసుకోండమ్మా" అనేది అత్త. అందుకే తోడికోడళ్ళం ఇద్దరం ఒకే వంటింట్లో అన్నేళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకోకుండా గడిపామేమో.

నేను పెద్దకోడల్ని. చిన్నకోడలి పేరు నూకరత్నం, అందరం నూకా అంటాం. ఆమె పుట్టిల్లు ట్వంటే, కుండలకి పేరున్న ఊరు, కాలవ మీద పడవలో వెళ్ళాలి. ఎక్కడ చదివిందో ఏం చదివిందో గాని, ఆటలో ఆమెని ఓడించడం నా వల్ల కాలేదు. నేను మాటల్ని వెతుక్కునేదాన్ని, పోపులపెట్టెలో మెంతులు వెతుక్కున్నట్టు. ఆమె కళ్ళు మూసుకునేది. బుగ్గల మీద థనాఖా గంధం ఆరి పగుళ్ళిచ్చి ఉండేది. ఎక్కడికో వెళ్ళి వస్తున్నట్టు కాసేపుండి, కళ్ళు తెరవకుండానే, నవ్వుతూ ఒక మాట చెప్పేది. ఆ మాటలో ఏముందో ఆమె చూసి వచ్చినట్టే ఉండేది. మిస్టీ అంటే నాకు నిజంగానే కాలవ మీద పొద్దుటి మంచు కనిపించేది. ఓడిపోతున్నానని తెలిసి కూడా, ఇంకొకటి చెబితే బావుణ్ణు అనిపించేది.

ఆట అయ్యాక నీళ్ళు పట్టేది మాత్రం నేనే. బిందె తరవాత బిందె. అసూయా? అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఛ, మరీ నీళ్ళ దగ్గర అసూయేమిటి అని చాలాసార్లు నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. అసూయే. వీధిలో అందరూ ఆమెనే పిలిచేవారు. అత్త తలకి నూనె ఆమే రాయాలి. మా ఆయన కూడా "నూకా మంచి తెలివైంది" అని అన్నం తింటూ అనేవాడు, వడ్డిస్తున్నది నేను.

నూకాకి ఒక కూతురు. ఇంట్లో పైడి అంటాం, వీధిలో ష్వే అంటారు. రెండూ బంగారమే. ఆ పిల్లకి మూడేళ్ళు దాటినా మాట రాలేదు. చెవులు బాగానే వినిపిస్తాయి. పిలిస్తే తిరుగుతుంది, కాకి అరిస్తే పైకి చూస్తుంది, పాట పెడితే ఊగుతుంది. నోటి నుంచి మాత్రం ఏమీ లేదు. ఇన్ని మాటలున్న తల్లికి ఒక్క మాట లేని పిల్ల. నూకా ఆమెని ఒళ్ళో పెట్టుకుని ఆటలో మాటలన్నీ మళ్ళీ పాడేది, జోలపాటలాగా. ఊళ్ళో ఒక డాక్టరమ్మ దగ్గరికి వారం వారం బస్సులో తీసుకెళ్ళేది. పిల్లలకి మాటలు నేర్పే ఆవిడట. అద్దం ముందు కూర్చోబెట్టి పెదాలు ముడవమంటుందిట, ఉఫ్ అని దీపం ఊదమంటుందిట. పైడి పెదాలు ముడవడం నేర్చుకుంది కూడా. నూకా వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె మొహం నాకిప్పటికీ కనిపిస్తుంది.

అప్పటికి అత్త పోయి, ఏడాది మైల కూడా తీరింది. వేసవి దగ్గరపడింది. అమ్మవారి పండక్కి ఘటం ఎవరెత్తుకోవాలి అన్న ప్రశ్న వచ్చింది.

ఇది మీకు చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. ఘటం అంటే కొత్త కుండ. మాకది ట్వంటే నుంచి, నూకా పుట్టింటి వైపు నుంచే పడవలో వస్తుంది. పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పసుపునీళ్ళు పోసి, పైన దీపం పెడతారు. ఇంటికొక ఆడమనిషి దాన్ని నెత్తిన పెట్టుకుని చెప్పుల్లేకుండా వీధులన్నీ తిరిగి గుడికి చేరాలి. దారంతా జనం ఆమె కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తారు. పెద్దవాళ్ళు కూడా వంగి ఆ పాదాలకి దణ్ణం పెడతారు. ఆ పూటకి ఆమె మనిషి కాదు. మా ఇంట్లో ఆ మనిషి అత్త. ఒకసారి ఎత్తుకున్నాక ప్రాణమున్నంతకాలం ఆ చెయ్యి మార్చకూడదు. కాబట్టి ఇప్పుడు ఎవరెత్తుకుంటే వాళ్ళదే, ఎప్పటికీ.

పండగకి ముందు ఒక మధ్యాహ్నం. కరెంటు లేదు. ఇద్దరం పెరట్లో మిరపకాయలు తొడిమలు తీస్తున్నాం. పైడి నూకా వీపుకి ఆనుకుని నిద్రపోతోంది. గాలి లేదు, కాలవ వైపు నుంచి బురద వాసన వస్తోంది. నూకా ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"అక్కా, గటం నానెత్తుకుంటాను. ఇచ్చీవా?"

"ఏటే ఉన్నట్టుండి?"

"మొక్కుకున్నాను. దీని నోట ఒక్క మాటొస్తే సాలు. అమ్మా అన్నా సరే, మేమే అన్నా సరే. నా మాటలన్నీ తీసీసుకుని దీనికొక్కటి ఇమ్మని మొక్కినాను."

మేమే అంటే బర్మాలో అమ్మ. ఏ భాషైనా ఫరవాలేదంది పిచ్చిది. నేను మిరపకాయ తొడిమ తీస్తూ ఉండిపోయాను. వేళ్ళు మండుతున్నాయి.

"నాదేటుంది నూకా. అత్త ఉంటే ఏటనేది? గలాసు తెమ్మనేది. పందెం ఎట్టుకుందాం. ఎవరిదో అమ్మోరే సెప్తాది."

"నిజమేనక్కా" అంది. ఆమె కళ్ళలో ఎంత నమ్మకమో. ఆటంటే ఆమెదే కదా. అమ్మవారు ఆమె పక్షానే మాట్లాడుతుందని ఇద్దరికీ తెలుసు. నేను మంచిదాన్నై ఒప్పుకున్నాననే ఆమె అనుకుంది. నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చెయ్యి మిరపకారంతో ఉంది, ఆమె కళ్ళు మండి నీళ్ళు కారాయి, ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ క్షణంలో నా మనసులో పాడు ఆలోచన ఉందా? లేదనే అనుకుంటాను. ఉన్నదల్లా ఒక బొమ్మ. నేను ఘటం ఎత్తుకుని నడుస్తున్నాను, నూకా వంగి నా పాదాల మీద నీళ్ళు పోస్తోంది. అంతే. ఆ బొమ్మ ఎంత బావుందంటే, రోజంతా దాన్ని కళ్ళ ముందు పెట్టుకునే తిరిగాను. ఎదురుగా పెద్దకోడలి హక్కు అడిగి ఉంటే సరిపోయేది. "పెద్దదాన్ని, నేనెత్తుకుంటాను" అంటే నూకా ఏడ్చి ఊరుకునేది. వీధిలో నలుగురూ నన్ను తిట్టేవారు. ఆ తిట్లు పడలేక అమ్మవారి కొంగు చాటున దాక్కున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను అమ్మవారి కళ్ళు మూసి తాగాను.

ఫోన్‌లో అడిగితే ఏదైనా చెబుతుంది కదా. అయిదక్షరాలు, చివర వై అని అడిగాను. పేజీలు పేజీలుగా వచ్చాయి. ఇంగ్లీషులో ఇన్ని మాటలకి ఇలా ఒకే తోక ఉంటుందని నాకు తెలియదు. అందుకే దాన్ని ఎంచుకున్నాను, ఎంత తోడినా అయిపోని బావి అది. అన్నం ఉడుకుతుంటే చదివాను. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి, నామాలు చదువుకున్నట్టు పెదాలు కదుపుతూ చదివాను. పక్కన కూర్చున్న బర్మా ముసలాయన నేను జపం చేసుకుంటున్నాననుకుని లేచి నాకు సీటిచ్చాడు. కూర్చుని ఇంకా చదివాను. మాటలు నా ఒంటి నిండా పట్టాయి. పడుకుంటే కలలో అవి బాతుల్లా ఒకదాని వెనక ఒకటి కాలవలో ఈదుకుంటూ పోయేవి. గిల్టీ అనే మాట కూడా ఒకటి తట్టింది, లెక్కపెట్టి చూస్తే దానికి ఆరక్షరాలు. ఆటలోకి రాదు. అప్పుడు నవ్వొచ్చింది కూడా.

ఇక చీటీలు. చీటీలు రాసేది ఎప్పుడూ నేనే, నా రాత బావుంటుందని. ఈసారి గ్లాసు నిండా రాశాను. అన్నిటి మీదా ఒకటే రాశాను. అయిదు, వై. అయిదు, వై.

పందెం రోజు అత్త పటం కింద కొత్త ఘటాన్ని పెట్టాం. పసుపు ఇంకా తడిగా ఉంది. పక్కింటి డౌ మ్యా అనే బర్మా పెద్దావిడ వచ్చి అత్త స్థానంలో కూర్చుంది. ఆవిడకీ ఇంగ్లీషు రాదు, ఆకు మడవడం మాత్రం బాగా వచ్చు. చీటీ పైడి తీస్తే బావుంటుందని నూకాయే అంది. పసిపిల్ల చెయ్యి దేవుడి చెయ్యి కదా. పైడి గ్లాసులో చెయ్యి పెట్టి ఒకటి తీసి అమ్మకిచ్చింది. నూకా విప్పి చదివింది. పిల్లకి ఆ పని నచ్చింది. ఇంకోటి తీద్దామని మళ్ళీ గ్లాసులో చెయ్యి పెట్టింది.

నేను గ్లాసు లాక్కున్నాను. గట్టిగానే లాక్కున్నాను. పైడి చిట్టివేళ్ళకి అంచు గీసుకుంది. ఏడవలేదు. నా మొహం వంక చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేను దాన్నే తప్పించుకుంటూ తిరిగాను. ఆ గ్లాసు ఎందుకు లాక్కున్నానో ఆ గదిలో ఇంకెవరికీ అనుమానం రాలేదు.

ఆట మొదలైంది. ముందు వంటింటి మాటలు వచ్చాయి. కర్రీ, హనీ, టేస్టీ, స్పైసీ. తర్వాత చుట్టాలు, ఆంటీ, డాడీ. తర్వాత నూకా కళ్ళు మూసుకుని ఆకాశంలోకి వెళ్ళిపోయింది. రెయినీ అంది. సన్నీ అంది. ఫెర్రీ అన్నప్పుడు ఆమె పుట్టింటి పడవ రేవు నాకూ కనిపించింది. నేను మెర్సీ అన్నాను, గ్లోరీ అన్నాను. బట్టీ పట్టిన వరసలో చెబితే దొరికిపోతానని ఇక్కడొకటి అక్కడొకటి ఏరి చెప్పాను, మధ్యలో కావాలని ఆగాను, నుదురు కొట్టుకున్నాను. నటన నాకింత బాగా వచ్చని అంతవరకూ తెలియదు. ఎబొనీ అన్నాను. ఐవరీ అన్నాను. నూకా కళ్ళు తెరిచి, "అక్కా! ఎక్కడ నేర్సావే ఇయ్యన్నీ!" అంది. సంతోషంగా అంది. నేను ఎదిగినందుకు ఆమెకి సంతోషం. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరికేదా? దొరకదు. ఆ సమయాన్ని చూస్తూ చూస్తూ పోనిచ్చాను.

చివరికి ఆమె ఆగిపోయింది. డౌ మ్యా ఆకు తీసింది. సున్నం రాసింది. పాపం ఆవిడ కూడా నెమ్మదిగా రాసింది, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. వక్కలు ఒకటికి రెండుసార్లు ఏరింది. నూకా కళ్ళు మూసుకుంది, తెరిచింది, పైడి వైపు చూసింది. "బేబీ" అంది.

నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. నాలుగే. చెల్లదన్నాను. అన్యాయంగా ఆడించిన ఆటలో ఆ ఒక్క చోట న్యాయం తప్పలేదు చూడండి!

డౌ మ్యా ఆకు బుగ్గన పెట్టుకుంది. ఘటం నాదైంది. పూలు, వేపాకుతో పాటు గ్లాసులో మిగిలిన చీటీలన్నీ కాలవలో వదిలేశాను. దేవుడి ముందు పెట్టినవి కదా, తొక్కకూడదని అందరికీ చెప్పాను.

నేను ఒకటే అనుకున్నాను. ఓడిపోతే బాధపడుతుంది, నాలుగు రోజులకి మామూలైపోతుంది. నీళ్ళు పట్టేటప్పుడు నేను మామూలైపోలేదా? ఆమె మామూలు కాలేదు. అమ్మవారు తనని వద్దందని నమ్మింది. తన మాటల పొగరే పిల్ల మాటల్ని మింగేసిందనీ, అందుకే అమ్మవారు ఆ మాటల్లోనే తనని ఓడించి చూపించిందనీ నమ్మింది. ఎంత వరసగా, ఎంత అందంగా నమ్మిందో! నేను పేర్చిన అబద్ధం మీద ఆమె ఒక గుడి కట్టేసింది. మళ్ళీ ఆట ఆడలేదు. పైడిని ఒళ్ళో పెట్టుకుని మాటలు పాడటం మానేసింది. వారం వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడం కూడా మానేసింది.

"అమ్మోరే వొద్దనీసాక డాక్టరమ్మ ఏటి సేస్తాదక్కా" అంది.

నేను "నీ ఇష్టం" అన్నాను. ఆ రెండు మాటల్నీ నేను ఇప్పటికీ నమలలేక మింగలేక ఉన్నాను. కుండ మోస్తే పిల్లకి మాటొస్తుందని నేను నమ్మను, నిజం చెప్పాలంటే అప్పుడూ నమ్మలేదు. అద్దం ముందు కూర్చోబెట్టి పెదాలు ముడవడం నేర్పితే వచ్చేదేమో. వచ్చేదో రాదో ఎవరు చెప్పగలరు? ఆ దారి మూసింది మాత్రం నేనని నాకు తెలుసు. అప్పుడే నోరు విప్పి ఉంటే ఆ మరుసటి వారమే ఆమె బస్సెక్కేది. విప్పలేదు. తేలు కుట్టిన దొంగకి నోరెక్కడిది? పండగ దగ్గరకొచ్చేసింది, కొత్త చీర కొన్నారు, వీధిలో అందరూ నన్ను వేరే రకంగా చూస్తున్నారు. ఈ ఏడు కానీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. ఆ తర్వాత అనేది ప్రతి ఏడూ వచ్చి వెళ్ళిపోతోంది.

మొదటి ఏడు నడక నాకింకా కలలాగే గుర్తుంది. డప్పులు ఎక్కడో దూరంగా మోగుతున్నట్టున్నాయి. తారు రోడ్డు కాళ్ళని కాలుస్తుంటే పసుపునీళ్ళు పడి చల్లబడేవి, మళ్ళీ కాలేవి. తల మీద దీపం వేడి. జనం నోళ్ళు కదులుతున్నాయి గాని ఏమంటున్నారో తెలియదు. నేనొక అడుగు ఎత్తు మీద నడుస్తున్నానేమో అనిపించింది. నూకా వచ్చి వంగి నీళ్ళు పోసింది, నేను ఊహించుకున్న బొమ్మలో లాగే. ఆ బొమ్మలో లేనిది ఒకటుంది. ఆమె చంకలో పైడి ఉంది. నా వంకే చూస్తోంది.

ఏళ్ళు గడిచాయి. పైడి పెద్దదయింది, లంగాలు పొట్టివైపోతున్నాయి. మాట రాలేదు. చేతులతో చెబుతుంది, కళ్ళతో చెబుతుంది, బజార్లో బేరం కూడా ఆడేస్తుంది. వీధంతా ఆమెకి చుట్టమే. మూగపిల్ల అని ఎవరైనా అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా నేనే ముందు భుజాలు తడుముకుంటాను. లేచి గొడవకి వెళ్తాను. చూశారా, ఆ పిల్లంటే ఎంత ప్రాణమో అని అనుకుంటారు. ప్రాణమే. అది మాత్రం నటన కాదు. అయినా ఆ పిల్ల నా దగ్గర కూర్చుంటే నాకు ఊపిరాడదు.

ఇదంతా ఇలాగే పోయేదేమో. ఈ ఏడు పండగ రాకపోతే.

ఈ ఏడు గుడిలో ఘటం దించాను. చుట్టూ జనం. నూకా పైడి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది. ఆమె జుట్టు నెరిసింది, నాకంటే చిన్నది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అక్కా, అమ్మోరు ఎంచుకున్న మనిసివి నువ్వు. గటంలో నీళ్ళు ఒక్క సుక్క దీని నాలిక మీద నీ సేత్తో ఎట్టు. నా మాట ఇననేదు గాని నీ మాట ఇంటాది" అంది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆమె ఆశ చావలేదు. నా మీద నమ్మకం చావలేదు. అందరూ చూస్తున్నారు. చెప్పేయ్, చెప్పేయ్ అని లోపల ఎవరో అరుస్తున్నారు. నా చెయ్యి నన్నడక్కుండానే కుండలోకి వెళ్ళింది. వేలు తడిపి బయటికొచ్చింది. పైడి నోరు తెరిచింది. నాలుక మీద వేలు పెట్టాను. వెచ్చగా ఉంది. జనం అమ్మా, తల్లీ అన్నారు. నూకా నా పాదాల మీద తల ఆనించి చాలాసేపు లేవలేదు.

ఆ రోజు చీటీలు రాసింది అసూయ. మరి ఇది? దీనికి పేరేమిటి? నాకు తెలిసిన మాటల్లో, ఎన్ని అక్షరాలవైనా సరే, దీనికి పేరు లేదు.

మర్నాడు మధ్యాహ్నం నూకా బజారుకి వెళ్ళింది. కరెంటు పోయింది. పైడీ నేనూ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. ఫ్యాను ఆగింది, నిశ్శబ్దం వచ్చింది. అప్పుడు చెప్పేశాను. చేతిలో పనిని చూస్తూ, ఎవరి కథో చెబుతున్నట్టు మొత్తం చెప్పాను. ఫోన్ సంగతి, బస్సు సంగతి, గ్లాసు నిండా ఒకటే రాసిన సంగతి. నువ్వు రెండో చీటీ తీస్తే దొరికిపోతానని లాక్కున్నానే అన్నాను. ఎందుకు ఈ పిల్లకే చెప్పాను? ఆమెకి తెలుసుకునే హక్కు ఉందని కాదు, అబద్ధమాడను. ఇంత కథ చేతులతో ఆమె ఎవరికీ చెప్పజాలదని. చూశారా నా ధైర్యం! నేనే మాట పోగొట్టిన పిల్ల దగ్గరికే వెళ్ళి, మాట లేదన్న ధీమాతో ఒప్పుకున్నాను.

పైడి అంతా వింది. ఆమె చెవులు మంచివని ముందే చెప్పాను కదా. చేతిలో కాయ పక్కన పెట్టి లేచింది. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, పెరట్లో నిలబడి నోరు పుక్కిలించింది. ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించింది. నాలుక వేళ్ళతో తోముకుంది. తర్వాత వచ్చి నా పక్కనే, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, మిగిలిన కాయలు తీయడం మొదలుపెట్టింది. ఎండకి నోరు ఎండిపోయిందేమో. అలా అనుకోవాలని ఎంత ప్రయత్నించానో!

ఇప్పుడు తెలుగు సంగతి. నూకా తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. మా ఇంట్లో ఎవరూ చదవలేరు. మా నాన్న పట్టుబట్టి నేర్పాడు కాబట్టి నాకొచ్చు. ఈ కాగితం మా బల్ల మీదే పడి ఉన్నా ఆమెకి అవి గీతలే. అందుకని ఈ భాషలో రాస్తున్నాను. నోరు లేని పిల్లకి చెప్పినట్టే, కనిపించని మీకు చెబుతున్నట్టే, ఇదీ ఒక చాటే. మీరు నన్ను క్షమించలేరు, ఆ పని మీది కాదు. అమ్మవారు ఏమనుకుంటుందో ఎప్పుడూ పలకలేదు, ఆ రోజూ పలకలేదు. పోనీ నూకాకి ఎప్పటికైనా చెబుతానా? చెబుతానని మీకు మాటివ్వను. ఇచ్చిన మాటలు నిలబెట్టుకునే మనిషినైతే ఇదంతా జరిగేదే కాదు.

అయినా రాస్తుంటే ఛాతీలో ఏదో కాస్త సడలింది. నా లోపలి నుంచి ఒక్క నిజం బయటికొచ్చి, ఎదురుగా కాగితం మీద నిలబడింది. పక్క గదిలో ఆమె అలికిడి వినిపిస్తోంది. బియ్యం చెరుగుతోంది. ఆమెకి వినబడేటంత గట్టిగా కాదు గాని, పెదాలు కదుపుతూ, ఒకసారి పైకే అంటున్నాను.

నూకా, ఆ రోజు నిన్ను వద్దన్నది అమ్మవారు కాదు. నేను.